గడ్డ, గుల్మం, మూగదెబ్బ: ‘హెమటోమా’ వైద్యార్థానికి తెలుగు పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

రక్తనాళం నుంచి బయటపడిన నెత్తురు శరీరం లోపలే ఒకచోట చేరి నిలిచిపోతే ఆధునిక వైద్యం దానిని హెమటోమా అంటుంది. తెలుగులో దీని కోసం రక్తగుల్మం, రక్తార్బుదం, రక్తపు గడ్డ, రక్తస్రావం వంటి మాటలు వినిపిస్తాయి. వీటిలో ప్రతిదానికీ ముందే మరొక అర్థం స్థిరపడి ఉంది. ఆ అర్థాలు రోగి నిర్ణయాన్నీ, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్నీ ప్రభావితం చేయగలవు. ఈ వ్యాసం ఆ మాటలను వైద్యార్థంతోనూ, ఆయుర్వేద గ్రంథాల అర్థంతోనూ, జనవ్యవహారంతోనూ సరిపోల్చి విమర్శిస్తుంది. అనకాపల్లి జిల్లా తీరగ్రామమైన రాజయ్యపేటను పరిశీలనకు నేపథ్యంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: హెమటోమా, వైద్యపరిభాష, రక్తగుల్మం, మూగదెబ్బ, కదుము, అనువాదం, ఉత్తరాంధ్ర

ఉపోద్ఘాతం

రాజయ్యపేట అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని మత్స్యకార గ్రామం. 2025లో ఈ ఊరి పేరు పత్రికలలో తరచుగా కనిపించింది. నక్కపల్లి వద్ద తలపెట్టిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి రాజయ్యపేట మత్స్యకారులు దానిని వ్యతిరేకిస్తూ దీక్షలకు దిగారు. ఆ వివాదంలోని న్యాయాన్యాయాలు ఈ వ్యాసానికి విషయం కావు. అయితే పరిభాషను పట్టించుకునేవారికి అందులో గమనించదగిన అంశం ఒకటి ఉంది. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ప్రజలకు అందించాలి. అంటే శాస్త్రవిషయాన్ని తెలుగులో చెప్పడం ఇక్కడ భాషాభిమానానికి మాత్రమే సంబంధించినది కాదు, చట్టం విధించిన బాధ్యత. ఆసుపత్రి మంచం దగ్గర మాత్రం అటువంటి పట్టుదల కనిపించదు. గాయపడినవాడి తలలో ఏమైందో అతని భార్యకు ఏ మాటతో చెప్పాలన్నది ఆ పూట డ్యూటీలో ఉన్నవారి ఇష్టానికే వదిలివేయబడుతోంది.

ఓడరేవు లేని తీరంలో పడవను ఇసుక మీద నుంచే కడలిలోకి తోయాలి, తిరిగి ఇసుక మీదికే లాగాలి. కెరటం విరిగే ఆ కొద్ది దూరంలోనే పడవ అడ్డం తిరగవచ్చు, తెడ్డో పడవ అంచో తలకు తగలవచ్చు. అటువంటి దెబ్బలకు తోలు చిట్లకపోవచ్చు. నెత్తురు బయటికి రాకపోవచ్చు. ఒళ్లు దులుపుకొని లేచిన మనిషి ఇంటికి నడిచి వెళ్లవచ్చు. హెమటోమా అన్న మాటకు అర్థం ఇక్కడినుంచే మొదలవుతుంది.

వైద్యార్థం: ఏది హెమటోమా, ఏది కాదు

గ్రీకు భాషలో నెత్తురును సూచించే ‘హైమా’కు ‘ఓమా’ అనే ప్రత్యయం చేరి ఈ పదం ఏర్పడింది. రక్తనాళపు గోడ తెగి లేదా చిట్లి బయటికి వచ్చిన రక్తం చుట్టూ ఉన్న కణజాలంలో, లేదా రెండు పొరల మధ్య, ఒకచోట పోగుపడటమే హెమటోమా. ఈ నిర్వచనంలో మూడు షరతులున్నాయి. రక్తం నాళం వెలుపల ఉండాలి. శరీరం లోపల ఉండాలి. ఒకచోట నిలిచి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా దానికి వైద్యంలో వేరే పేరుంటుంది. నాళం లోపలే రక్తం గడ్డకడితే అది థ్రాంబస్. గాయం నుంచి బయటికి కారిపోతే అది రక్తస్రావం. ఒకచోట నిలవకుండా చర్మం కింద పలుచగా వ్యాపిస్తే అది కమిలిన మచ్చ. రక్తనాళాలే అతిగా పెరిగి ముద్దగా ఏర్పడితే అది హెమాంజియోమా. పేరులో పోలిక ఉన్నా దానికీ దెబ్బకూ సంబంధం లేదు.

కమిలిన మచ్చ రంగు మారడం అందరూ చూసే విషయమే. ఎర్రగా, నీలంగా మొదలై ఆకుపచ్చగా, పసుపుగా, చివరకు గోధుమరంగుగా మారి పోతుంది. నాళం వెలుపల పడిన ఎర్రకణాలు విచ్ఛిన్నమై, వాటిలోని హిమోగ్లోబిన్ బిలివర్డిన్‌గానూ, తరువాత బిలిరుబిన్‌గానూ మారుతుంది. మిగిలిన ఇనుము హీమోసిడెరిన్‌గా నిలుస్తుంది. రంగును బట్టి దెబ్బ వయసును రోజుల లెక్కన చెప్పవచ్చని ఒకప్పటి వైద్యన్యాయ గ్రంథాలు పట్టికలు ఇచ్చాయి. చర్మపు రంగు, దెబ్బ లోతు, గాయపడినవారి వయసు వంటివి ఆ మార్పును శాసిస్తాయి కనుక కేవలం రంగు చూసి తేదీ నిర్ణయించడం నమ్మదగినది కాదని నేటి వైద్యన్యాయ నిపుణులు అంటారు.

గోరు కింద నల్లబడటం, పుట్టిన బిడ్డ తల మీద ఎముక పొరకింద ఉబ్బు, కుస్తీ పట్టేవారి చెవి ముద్దకట్టడం, ముక్కు దూలం పొరలో నెత్తురు నిలవడం – ఇవన్నీ హెమటోమాలే. గోరు కిందిది నొప్పి పెడుతుంది, తగ్గుతుంది. ముక్కు దూలంలోది పట్టించుకోకపోతే కొద్ది రోజులలోనే మృదులాస్థి చెడి ముక్కు కుంగిపోతుంది. అంటే ప్రమాదం నెత్తురు పరిమాణంలో మాత్రమే లేదు, అది నిలిచిన చోటులో ఉంది. తొడ కండరంలో గ్లాసెడు నెత్తురు నిలిచినా మనిషి బతుకుతాడు. పుర్రె లోపల అందులో సగం చాలు ప్రాణం తీయడానికి. పుర్రె సాగదు, లోపల చోటు లేదు, పెరిగే ముద్ద మెదడునే నొక్కుతుంది.

పుర్రెలో దీనికి రెండు ముఖ్యమైన రూపాలున్నాయి. తెలుగులో ఈ రెంటినీ కలిపి ‘తలలో గడ్డ’ అనడం పెద్ద పొరపాటు కనుక వాటిని వేరువేరుగా చూడాలి. మొదటిది ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా. కణత దగ్గర ఎముక పలుచన, దాని లోపలి వైపున మెదడు పొరకు రక్తం తీసుకువెళ్లే ధమని ఒకటి పోతుంది. కణత ఎముక చిట్లి ఆ ధమని తెగితే ఎముకకూ పైపొరకూ నడుమ నెత్తురు వేగంగా చేరుతుంది. దెబ్బ తగిలిన వెంటనే కొంతసేపు స్పృహ తప్పి, తిరిగి తేరుకుని, మామూలుగా మాట్లాడి, గంటల వ్యవధిలో మళ్లీ మగతలోకి జారిపోవడం దీని స్వభావం. నడుమ ఉన్న ఆ తేట సమయమే మోసం చేస్తుంది. 2009 మార్చిలో కెనడాలో మంచు వాలు మీద పడిపోయిన బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ మొదట వైద్యసహాయం వద్దన్నారు. ఆ తరువాత తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు ఆమె మరణించారు. కారణం ఈ రకపు హెమటోమాయే. కణతను శంఖమర్మంగా గుర్తించి, 107 మర్మాలలో వెంటనే ప్రాణం తీసేవాటిలో దానిని సుశ్రుతుడు చేర్చడం ఇక్కడ గుర్తుకు రాదగినది. ‘కణత మీద కొట్టవద్దు’ అని పిల్లలను వారించే పెద్దల మాటలోనూ ఆ ఎరుకే ఉంది.

రెండవది దీర్ఘకాలిక సబ్‌డ్యూరల్ హెమటోమా. ఇది దాదాపు అన్నివిధాలా మొదటిదానికి ఎదురు. ఇక్కడ చిట్లేది ధమని కాదు, మెదడు నుంచి పై పొరకు పోయే సన్నని సిరలు. వయసుతో మెదడు కుంచించుకుపోగా ఆ సిరలు బిగిసి ఉంటాయి. గుమ్మం తగలడం వంటి చిన్న దెబ్బకే అవి తెగవచ్చు. నెత్తురు వారాల తరబడి కొద్దికొద్దిగా చేరుతుంది. తలనొప్పి, మతిమరపు, తడబాటు, ఒక పక్క బలహీనత కనిపిస్తాయి. ముసలితనమనో పక్షవాతమనో ఇంటివారు అనుకుంటారు. దెబ్బ సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసినప్పుడు బయటికి వచ్చేది గడ్డ కాదు, ముదురు రంగు ద్రవం. ‘రక్తం గడ్డకట్టింది’ అన్న వివరణ ఇక్కడ వైద్యపరంగా కూడా తప్పు.

2024 మార్చిలో జగ్గీ వాసుదేవ్‌కు ఢిల్లీలోని అపోలో ఆసుపత్రిలో అత్యవసర శస్త్రచికిత్స జరిగింది. ఆయన మైసూరులోని తెలుగు కుటుంబంలో పుట్టినవారు. కొన్ని వారాలుగా తీవ్రమైన తలనొప్పి ఉన్నా కార్యక్రమాలు కొనసాగించారని అప్పటి వార్తలు చెప్పాయి. పుర్రెలో నెత్తురు చేరడమే జబ్బు. తెలుగు వార్తలలో దీనికి ఎక్కువగా వాడిన మాట ‘మెదడులో రక్తస్రావం’. మెదడు కణజాలంలో రక్తనాళం చిట్లడం వేరు, మెదడుకూ దాని పొరకూ నడుమ నెత్తురు నిలవడం వేరు. మొదటిదానికి తరచు కారణం అధిక రక్తపోటు, రెండవదానికి తరచు కారణం దెబ్బ. కోలుకునే అవకాశాలలోనూ తేడా ఉంది. పాఠకుడికి అందవలసిన ముఖ్యమైన సమాచారం, అంటే నెలరోజుల నాటి చిన్న దెబ్బను కూడా వైద్యుడికి చెప్పాలన్నది, ఆ ఒక్క మాట ఎంపికలో జారిపోయింది.

గుల్మం, అర్బుదం: ముందే నిండిన పాత్రలు

శాస్త్రపదాలకు సంస్కృత సమాసాలు కట్టే పద్ధతి ప్రకారం హెమటోమాకు ‘రక్తగుల్మం’ సహజమైన ఎంపికగా కనబడుతుంది. హిందీ వైద్యపరిభాషలోనూ ఈ మాట ఉంది. రక్తం, ముద్ద – రెండూ అందులో ఉన్నాయి కదా అన్నది వాదం. కానీ రక్తగుల్మం ఖాళీగా ఉన్న పదం కాదు. చరకసంహితలో గుల్మం ఉదరంలో ఏర్పడే ముద్ద. దోషాలను బట్టి అది ఐదు విధాలు. వాటిలో రక్తజగుల్మం స్త్రీలకు మాత్రమే వచ్చేది, గర్భాన్ని పోలిన లక్షణాలు చూపేది, గర్భమో కాదో తేలేందుకు పదవ నెల దాటాకే చికిత్స చేయవలసినది. ఒక మత్స్యకారుడి కణత లోపల గంటల్లో పెరిగే నెత్తుటి ముద్దకు, పది నెలలు వేచి ఉండమని శాస్త్రం చెప్పిన స్త్రీరోగం పేరు పెట్టడం ఎంత విడ్డూరమో వేరే చెప్పనవసరం లేదు. ఆయుర్వేద కళాశాలలో చదివినవారూ, నర్సింగ్ చదివినవారూ ఒకే ఆసుపత్రిలో పనిచేసే రోజులివి. ఒకే పదం ఆ ఇద్దరికీ రెండు వేరు జబ్బులను సూచిస్తే ఆ పదం పరిభాషగా పనికిరాదు.

‘రక్తార్బుదం’ ఇంకా ప్రమాదకరం. ఇది ప్రత్యయాన్ని యాంత్రికంగా అనువదించడం వల్ల వచ్చిన మాట. ‘ఓమా’ అన్నది చాలా వైద్యపదాలలో కంతిని సూచిస్తుంది కనుక ఇక్కడా కంతే అనుకోవడం. కానీ గ్రీకులో ఆ ప్రత్యయం ఒక ఫలితాన్ని, ఏర్పడిన స్థితిని తెలిపే సాధారణ నామప్రత్యయం. గ్లకోమాలో కంతి లేదు, ట్రకోమాలో కంతి లేదు, హెమటోమాలోనూ కణాల అతిపెరుగుదల లేదు. తెలుగులో అర్బుదం అంటే నేడు క్యాన్సరే. రక్తార్బుదం అన్న మాట విన్నవారికి రక్త క్యాన్సర్ తప్ప మరొకటి తోచదు. పైగా సుశ్రుతుడి వర్గీకరణలో రక్తార్బుదం అసాధ్యవ్యాధుల్లో ఒకటి. సకాలంలో తీస్తే మనిషి లేచి నడిచే జబ్బుకు, నయం కాదని ప్రాచీనులే ముద్ర వేసిన పేరు తగదు.

సుశ్రుతసంహితలో ఇంతకంటే దగ్గరి భావన మరొకచోట ఉంది. ఆకస్మికంగా కలిగే సద్యోవ్రణాలను అతడు ఆరు రకాలుగా విభజించాడు: ఛిన్నం, భిన్నం, విద్ధం, క్షతం, పిచ్చితం, ఘృష్టం. వీటిలో పిచ్చితం దెబ్బకో ఒత్తిడికో నలిగి చదునైన గాయం. మొద్దుదెబ్బ అన్న ఆలోచన ఇక్కడ ఉంది. అయితే అది గాయపు తీరును చెబుతుంది తప్ప నిలిచిన నెత్తురును చెప్పదు. సంస్కృత సంప్రదాయం నుంచి పదం తెచ్చుకోదలచినవారు అక్షరసామ్యం వెతికే ముందు ఆ గ్రంథాలను చదివి ఉంటే గుల్మానికీ అర్బుదానికీ బదులు ఈ అధ్యాయం దగ్గర ఆగి ఉండేవారు.

గడ్డ: తెలిసిన మాటలోని అపాయం

సంస్కృత సమాసాలను విమర్శించేవారు సాధారణంగా చూపే ప్రత్యామ్నాయం ‘రక్తపు గడ్డ’ లేదా ‘నెత్తురు గడ్డ’. ఇది అందరికీ తెలిసిన మాట. తెలిసిన మాట కావడమే ఇక్కడ చిక్కు. తెలుగులో గడ్డ అంటే దుంప, మట్టిపెళ్ల, చీముపుండు, కంతి. ‘కడుపులో గడ్డ ఉంది’ అని ఎవరైనా అంటే వినేవారు గుండె చిక్కబట్టుకుంటారు. ‘గడ్డకట్టు’ అన్న క్రియకు మరొక దారి ఉంది: నెయ్యి గడ్డకడుతుంది, నెత్తురు గడ్డకడుతుంది. ఆ క్రియ నెత్తురు ఏ స్థితిలో ఉందో చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు.

హెమటోమా విషయంలో చికిత్సను నిర్ణయించేది ఆ ‘ఎక్కడ’ అన్నదే. కాలి సిరలో నెత్తురు గడ్డకడితే రక్తాన్ని పలుచన చేసే మందులు ఇస్తారు. మెదడు ధమనిలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే నాలుగున్నర గంటలలోపు ఆ గడ్డను కరిగించే మందు ఇచ్చే వీలుంది. అదే పుర్రెలో నాళం వెలుపల నెత్తురు నిలిచి ఉంటే ఆ మందులే ప్రాణాంతకం. అందుకే స్కాన్ తీసి, ఇది అడ్డుపడిన రక్తమా, బయటపడిన రక్తమా అని తేల్చనిదే వైద్యులు ముందుకు పోరు. చికిత్సలో పరస్పరం విరుద్ధమైన రెండు స్థితులకు తెలుగు వైద్యసంభాషణ ఒకే వాక్యం వాడుతోంది: ‘తలలో రక్తం గడ్డకట్టింది’.

దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. గుండెజబ్బుకు ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటివి వాడుతున్న వృద్ధుడికి, రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్రలు మానవద్దని ముందే చెప్పి ఉంటారు. జారిపడిన తరువాత తలలో రక్తం గడ్డకట్టిందని చెబితే, మాత్ర మానినందువల్లే వచ్చిందేమోనని ఇంటివారు అనుకుని మరొకటి వేసే అవకాశం ఉంది. వారి తర్కంలో దోషం లేదు. వారికి అందించిన మాటలో ఉంది. దినపత్రికల వైద్యశీర్షికలు దశాబ్దాలుగా ఆరోగ్యవిషయాలను సరళమైన తెలుగులో చెప్పి గొప్ప సేవ చేశాయి. కానీ సరళత కోసం ఈ రెండు అర్థాలను ఒకే మాటలో కలిపివేసే అలవాటును అవీ తప్పించుకోలేదు. సులభంగా ఉండటమూ స్పష్టంగా ఉండటమూ ఒకటి కావని చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

కనిపించే నెత్తురు, కనిపించని నెత్తురు

జనవ్యవహారంలో దెబ్బల పదజాలం సంపన్నమైనది. బొప్పి తల మీద లేచే ఉబ్బు. కదుము దెబ్బ తగిలినచోట గట్టిగా లేచే ఉబ్బు. కమలడం, కందడం చర్మపు రంగుకు సంబంధించినవి. వాత, తట్టు కర్రదెబ్బల ఆనవాళ్లు. వీటి పక్కన వైద్యపదాలను పెట్టి చూస్తే ఆశ్చర్యకరంగా సరిపోతాయి. నెత్తురు పలుచగా పరుచుకుంటే కమిలింది, ఒకచోట ముద్దగా నిలిస్తే బొప్పి లేదా కదుము కట్టింది. ఆసుపత్రి భాష గందరగోళపడే చోట పల్లెభాష తేడా పాటిస్తోంది. పిల్లవాడి తలకు దెబ్బ తగలగానే బొప్పి కట్టకుండా అరచేత్తో అదిమిపట్టే అలవాటులోనూ విషయం తెలిసిన చెయ్యి ఉంది. వెంటనే ఒత్తిడి పెడితే చేరే నెత్తురు తగ్గుతుంది. ఆ తరువాత రుద్దడమూ, మొదటిరోజే ఉప్పుమూటతో కాపడం పెట్టడమూ మాత్రం మేలు చేయవు.

అన్నిటిలోనూ విలువైన మాట మూగదెబ్బ. పైకి పుండు లేకుండా లోపల బాధించే దెబ్బ ఇది. దెబ్బకు నోరు లేదు, నెత్తురు రూపంలో తన సంగతి తాను చెప్పుకోలేదు. పోలీసు కాగితాలలో, వార్తలలో ఈ మాటకు ఎదురుగా ‘రక్తగాయం’ నిలుస్తుంది. ఈ జంట వెనుక ఒక విలువల క్రమం ఉంది. రక్తగాయం తీవ్రమైనది, మూగదెబ్బ అంతకు తక్కువది అన్న భావన పల్లె పంచాయితీ నుంచి ఠాణా దాకా వ్యాపించి ఉంది. చట్టం అలా చెప్పదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ తీవ్రగాయాన్ని ఎనిమిది రకాలుగా నిర్వచించాయి. ఎముక విరగడం, చూపు పోవడం వంటివాటితోపాటు ప్రాణాపాయం కలిగించే గాయం అందులో ఉంది. తీవ్రమైన శారీరకబాధ నిలవవలసిన కాలాన్ని పాత చట్టం ఇరవై రోజులుగా పెడితే కొత్త చట్టం పదిహేనుకు తగ్గించింది. నెత్తురు కారిందా లేదా అన్నది ఆ జాబితాలో ఎక్కడా ప్రమాణం కాదు. గాయపు ధ్రువపత్రం ఇంగ్లీషులో ‘హెమటోమా’ అని రాసి, దాని తెలుగు సారం కేవలం ‘మూగదెబ్బ’గా నమోదైతే, ప్రాణాపాయం చిన్నగాయంగా కుదించుకుపోతుంది. మాటలో లోపం లేదు. దానికి సమాజం కట్టిన ధరలో ఉంది.

ఆ ధరకు సాహిత్యంలోనూ పూర్వరంగం ఉంది. విరాటపర్వంలో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదవవచ్చు. విరాటుడు పాచికలతో కొట్టగా కంకుడి ముక్కు నుంచి నెత్తురు వస్తుంది. అది నేల తాకితే కీడు కనుక సైరంధ్రి పట్టుకుంటుంది. కొద్దిపాటి నెత్తురు, పెద్ద కథాభారం. అదే పర్వంలో నర్తనశాలలో భీముడు కీచకుణ్ణి ఆయుధం లేకుండా చంపుతాడు. కాళ్లూ చేతులూ తలా మొండెంలోకి అదిమి ముద్ద చేస్తాడు. మొదటి ఘట్టంలో నెత్తురు సాక్షి, అది ధర్మాధర్మాలను ప్రకటిస్తుంది. రెండవదానిలో చావు మూగదెబ్బల చావు. చూసినవారికి అది మనుషుల పనిగా తోచదు, గంధర్వుల పనిగా తోస్తుంది. తిక్కన వైద్యశాస్త్రం చెబుతున్నాడని ఎవరూ అనరు. కానీ నెత్తురు కనిపిస్తే కారణం వెతకడం, కనిపించకపోతే గాలి, గ్రహం, గంధర్వుడు అనుకోవడం కథలోని పాత్రలకు ఎంత సహజమో, దెబ్బ తిన్న రెండు వారాలకు తడబడే ముసలివాణ్ణి చూసి గాలి సోకిందనుకునే ఇంటివారికీ అంతే సహజం. ఈ కోణంలో తెలుగు కథను, నవలను చదివే పని ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది. స్వయంగా వైద్యురాలైన డాక్టర్ పి. శ్రీదేవి అనకాపల్లిలో పుట్టి, వైద్యవిద్యార్థి ప్రధానపాత్రలలో ఒకడుగా ‘కాలాతీత వ్యక్తులు’ రాశారు. వైద్యులైన రచయితలు ఒంటినొప్పిని ఏ తెలుగులో చెప్పారన్నది పరిశోధనకు తగిన ప్రశ్న.

నామమా, క్రియా?

ఇంతకూ హెమటోమాకు తెలుగు ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ ఒక నామవాచకానికి మరొక నామవాచకాన్ని వెతికాయి. ఆ వెతుకులాట మొదలైన తీరులోనే పొరపాటు ఉంది. శరీరంలో ఏదైనా ద్రవం చేరి నిలవడాన్ని తెలుగు సాధారణంగా క్రియతో చెబుతుంది. పుండుకు చీము పడుతుంది. కాళ్లకు నీరు పడుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. వీటికి సమానమైన ఇంగ్లీషు మాటలన్నీ నామాలు, తెలుగు రోగి మాత్రం వాటిని క్రియలుగానే అర్థం చేసుకుంటాడు. అదే అచ్చులో ‘నెత్తురు చేరింది’ అన్న మాటకు ఎవరూ కొత్తగా అలవాటు పడనవసరం లేదు. ‘దెబ్బకు రక్తనాళం తెగి, పుర్రెకూ మెదడుకూ మధ్య నెత్తురు చేరి నిలిచింది. అది మెదడును నొక్కుతోంది’ అన్న రెండు వాక్యాలు హెమటోమా నిర్వచనంలోని మూడు షరతులనూ చెబుతాయి, ప్రమాదాన్నీ చెబుతాయి. గడ్డ అన్న భయం లేదు, నాళంలో అడ్డుపడిందన్న భ్రమ లేదు. దీర్ఘకాలిక స్థితిలో ద్రవంగా ఉన్నా ఈ మాట చెల్లుతుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది. పాఠ్యపుస్తకానికీ, పదకోశానికీ, న్యాయస్థానానికీ క్రియావాక్యం చాలదు. పట్టికలో రాయడానికి నామం కావాలి. అక్కడ హెమటోమా అన్న మాటనే ఉంచడం మేలు. తెలుగు నోటికి అది కష్టమైన పదం కాదు, అజంతం, సిమెంటు, ఆసుపత్రి కంటే తేలికగా పలుకుతుంది. హెమటోమా, హీమటోమా, హెమాటోమా అని మూడు రకాలుగా రాస్తున్న తీరును ఒకటిగా స్థిరపరిస్తే చాలు. సిరలో అడ్డుపడిన దానికి మాత్రమే ‘గడ్డకట్టింది’ అన్న క్రియను కేటాయించి, నాళం దాటిన నెత్తురుకు ‘చేరింది’ వాడటం వైద్యులూ నర్సులూ పాటించగల చిన్న కట్టుబాటు. దానికి కొత్త పదకోశం అచ్చు కానక్కరలేదు.

పదకోశాల వైపు చేయవలసిన పని వేరే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు మాండలిక వృత్తిపదకోశాలు వెలువడ్డాయి. పనివారి నోట ఉన్న మాటను ఊరూరా తిరిగి, ఏ పనిముట్టుకు ఏ పేరో సరిచూసి నమోదు చేయడం ఆ పద్ధతి. నాగలికీ మగ్గానికీ జరిగిన ఆ పని దెబ్బకూ వాపుకూ నొప్పికీ జరగాలి. కదుముకూ బొప్పికీ ఉన్న తేడా విజయనగరంలో, అనకాపల్లిలో, గోదావరి లంకలలో ఒకటేనా? తీరగ్రామాలలో పడవ దెబ్బకు ప్రత్యేకమైన మాటలున్నాయా? చేరిన నెత్తురును ‘చెడు రక్తం’ అనేవారు దానిని దెబ్బవల్ల పోగైనదిగా భావిస్తున్నారా, ఒంట్లో ముందే ఉన్న చెడుగానా? జలగ పెట్టించాలన్న ఆలోచన వచ్చేది రెండవ అర్థం నుంచే. ఈ ప్రశ్నలకు జవాబు గ్రంథాలయంలో దొరకదు. వైద్యకళాశాలకూ తెలుగుశాఖకూ మధ్య కలిసి చేసే క్షేత్రపరిశోధనలో దొరుకుతుంది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి విశాఖపట్నంలోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తెలుగుశాఖా అదే నగరంలో ఉంది.

రాజయ్యపేట నుంచి ఆ ఆసుపత్రికి పదహారవ నంబరు జాతీయ రహదారి మీదుగా డెబ్బై కిలోమీటర్లకు పైబడి ప్రయాణం. కణతకు దెబ్బ తగిలి, కాసేపు తూలి, తేరుకుని అన్నం తిన్న మనిషిని చూసి, ఆ రాత్రే బయలుదేరాలా, తెల్లవారాక చూద్దామా అని నిర్ణయించేది ఇంట్లోవారు. వారి దగ్గర స్కాన్ ఉండదు. ‘దెబ్బ మూగది, నెత్తురు రాలేదు, పరవాలేదు’ అన్న మాట ఉంటుంది, లేదా ‘నెత్తురు బయటికి రాలేదు, లోపల చేరుతోందేమో’ అన్న మాట ఉంటుంది.